అన్న ట్యాబ్ కొనిస్తానంటున్నాడు, నా టాలీ పని దాంట్లో నడుస్తుందా?

ప్రశ్న

(పరకాల వైపు ఒక ఊరి నుంచి రోజూ హనుమకొండకు వచ్చిపోయే పాఠకురాలు రాసిన పెద్ద ఉత్తరాన్ని కుదించి ఇస్తున్నాం.)

నా వయసు 24. బీకాం కంప్యూటర్స్ అయిపోయింది. కాకతీయ యూనివర్సిటీ దూరవిద్యలో ఎంకాం చేస్తూ గ్రూప్స్‌కు చదువుతున్నాను. హనుమకొండ చౌరస్తా దగ్గర ఒక టాక్స్ కన్సల్టెంట్ ఆఫీసులో రెండేళ్లుగా పని. నెలకు 9,000 ఇస్తారు. టాలీ అనే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఎంట్రీలు, జీఎస్టీ రిటర్నులు నేనే చూస్తాను. ఆడవాళ్లకు బస్సు ఫ్రీ అయ్యాక కిరాయి రూము ఖాళీ చేసి ఊరి నుంచే వచ్చిపోతున్నాను.

ఈ మధ్య సార్ మూడు చిన్న పార్టీలను నాకు అప్పజెప్పారు. రెండు కిరాణా దుకాణాలు, ఒక ఎరువుల దుకాణం. "నాకు చూసే తీరిక లేదు, నువ్వే చేసుకో, పైసలు నువ్వే తీసుకో" అన్నారు. ఒక్కొక్కరు నెలకు 1,500 ఇస్తామన్నారు. కానీ ఇంట్లో నాకు సిస్టం లేదు. ఆఫీసులోనే కూర్చుని చేస్తే చివరి బస్సు టెన్షన్.

మా అన్న హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తాడు. కీబోర్డు ఉన్న ట్యాబ్ కొనిస్తానంటున్నాడు. కీబోర్డు, పెన్ను కలిపి 36,000 అవుతుందట. "ల్యాప్‌టాప్ పనంతా దీంట్లో అయిపోతది, బరువుండది, బస్సులో చదువుకోవచ్చు" అంటాడు. వదిన స్కూల్ టీచర్. ఆమె తన పనంతా ట్యాబ్‌లోనే చేసుకుంటుంది. నాకు మోడల్ చూసిపెట్టింది కూడా ఆమే. నేను ల్యాప్‌టాప్ అడిగితే వదిన ఎంచింది నచ్చలేదని చెప్పినట్టు అవుతుంది. బాపు ఏమో "వచ్చే ఏడు పెళ్లి చేస్తం, ల్యాప్‌టాప్ ఎందుకు బిడ్డా" అంటున్నాడు. ఆ మూడు దుకాణాల సంగతి నేను ఇంట్లో ఇంకా ఎవరికీ చెప్పలేదు. ట్యాబ్‌తో సర్దుకోవచ్చా? సర్దుకోలేకపోతే అన్న మనసు నొచ్చుకోకుండా ఎట్లా చెప్పాలి?

సమాధానం

మీ ఉత్తరం చివర్లో ఒక మాట దాదాపు దాటవేసినట్టు రాశారు. మూడు దుకాణాల సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదన్న మాట. నాకు ముడి అంతా అక్కడే ఉన్నట్టు కనిపించింది. మీ అన్నకు తెలిసిన చెల్లెలు ఎంకాం పుస్తకాలు, గ్రూప్స్ మెటీరియల్ ముందు పెట్టుకుని కూర్చునే అమ్మాయి. ఆ అమ్మాయికి ట్యాబ్ చాలా బాగా పనికొస్తుంది. ఆయన ప్రేమతో, లెక్క వేసుకునే ఎంచాడు. తన పేరు మీద పార్టీలను పెట్టుకుని లెక్కలు రాయబోతున్న చెల్లెలి గురించి ఆయనకు ఎవరూ చెప్పలేదు. దీని దగ్గరికి మళ్లీ వస్తాను. ముందు ట్యాబ్ సంగతి తేల్చుకుందాం.

టాలీప్రైమ్ విండోస్ మీద నడిచే ప్రోగ్రాం. ఆండ్రాయిడ్ ట్యాబ్‌లో అయినా, ఐప్యాడ్‌లో అయినా దాన్ని ఇన్‌స్టాల్ చేయలేరు. కీబోర్డు తగిలిస్తే టైపు చేయడం సులువవుతుంది కానీ, లోపల నడిచేది మాత్రం ఫోన్‌లో నడిచే రకం సాఫ్ట్‌వేరే. ఈ తేడాను చిన్నదిగా చూసి పెద్ద పెద్ద కంపెనీలే దెబ్బతిన్నాయి. 2012లో మైక్రోసాఫ్ట్ సర్ఫేస్ ఆర్‌టీ అని కీబోర్డు తగిలించుకునే ట్యాబ్ తెచ్చింది. తెర చూస్తే అచ్చం విండోస్‌లాగే ఉండేది. మామూలు విండోస్ ప్రోగ్రాములు మాత్రం దాంట్లో ఎక్కేవి కావు. కొన్నవాళ్లకు ఆ సంగతి ఇంటికి తీసుకెళ్లాక తెలిసింది. మరుసటి ఏడాది ఆ కంపెనీ 90 కోట్ల డాలర్ల నష్టం రాసుకుంది.

ఇక జీఎస్టీ. పోర్టల్ బ్రౌజర్‌లో తెరుచుకుంటుంది కాబట్టి ట్యాబ్‌లోనూ లాగిన్ కావచ్చు, నోటీసులు చూడొచ్చు, చలానా తీయొచ్చు. మీ మూడు దుకాణాలు సొంత యజమానుల పేరు మీద ఉన్నవైతే ఓటీపీతోనే రిటర్ను ఫైల్ అవుతుంది, అదీ ఇబ్బంది కాదు. చిక్కు వచ్చేది బిల్లులు ఎక్కువైనప్పుడు. బిల్లులన్నీ ఒకేసారి ఎక్కించడానికి వాడే ఆఫ్‌లైన్ టూల్ విండోస్ కోసం చేసింది. జీఎస్టీఆర్-9 అనే వార్షిక రిటర్నుకు వాడే ఎక్సెల్ ఫైలులో మ్యాక్రోలు (ఫైలు లోపలే నడిచే చిన్న ప్రోగ్రాములు) ఉంటాయి, ట్యాబ్‌లో ఉండే ఎక్సెల్ వాటిని నడపదు. రేపు ఒక ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ మీ దగ్గరికి వస్తే డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ (డిజిటల్ సంతకం ఉండే, పెన్‌డ్రైవ్ లాంటిది) పెట్టాల్సి ఉంటుంది. దాని డ్రైవర్లు కంప్యూటర్ల కోసం తయారైనవి. ఇంకో చిన్న ఖర్చు కూడా అన్నకు తెలిసి ఉండదు. తెర 10.1 అంగుళాలు దాటిన ట్యాబ్‌లో వర్డ్, ఎక్సెల్ ఫైళ్లను మార్చాలంటే మైక్రోసాఫ్ట్‌కు చందా కట్టాలి. చూడటం వరకే ఉచితం.

మీ చేతులకు మరో విషయం తెలుసు, కొనేటప్పుడు మీరు కూడా మరిచిపోవచ్చు. టాలీలో పేమెంట్ అంటే ఎఫ్5, రిసీట్ అంటే ఎఫ్6, సేల్స్ అంటే ఎఫ్8, పర్చేజ్ అంటే ఎఫ్9. మౌస్ ముట్టుకోకుండా వంద బిల్లులు కొట్టేస్తారు మీరు. ట్యాబ్‌లకు వచ్చే పలచని కవర్ కీబోర్డుల్లో చాలావాటికి ఆ ఎఫ్ కీల వరుసే ఉండదు. పక్కన నంబర్ ప్యాడ్ ఎట్లాగూ ఉండదు.

"ఆఫీసు సిస్టంను ట్యాబ్ నుంచి నడిపించుకోవచ్చు కదా" అని అన్న అనొచ్చు. అది నిజమే. ఎనీడెస్క్, క్రోమ్ రిమోట్ డెస్క్‌టాప్ లాంటివి పెట్టుకుంటే ఆఫీసు కంప్యూటర్ తెర మీ ట్యాబ్‌లో కనిపిస్తుంది. టాలీని క్లౌడ్‌లో పెట్టి బ్రౌజర్ నుంచి వాడుకునే ఏర్పాటు కూడా ఉంది, దానికి నెలనెలా కట్టాలి. రిమోట్ పద్ధతిలో ఆఫీసు సిస్టం రాత్రంతా ఆన్‌లో ఉండాలి, అక్కడా ఇక్కడా కరెంటు ఉండాలి, ఊళ్లో నెట్ ఆగకూడదు. మీరు లోపలికి వెళ్లినప్పుడు అక్కడ ఎవరైనా అదే సిస్టం ముందు కూర్చుని ఉంటే ఇద్దరికీ పని సాగదు. పైగా అది ఇతర పార్టీల లెక్కలన్నీ ఉన్న సిస్టం, సార్ ఒప్పుకోకపోయినా తప్పుపట్టలేం. ఎప్పుడో ఒకసారి అర్జెంటుగా ఒక లెడ్జర్ చూసుకోవడానికి ఇది బాగుంటుంది. నెలవారీ రిటర్నుల గడువైన 11, 20 తేదీలకు ముందు రోజులు ఎట్లా ఉంటాయో మీకు తెలుసు. ఆ రాత్రుల్లో దీన్నే నమ్ముకోమని నేను చెప్పలేను.

కాబట్టి మీ మొదటి ప్రశ్నకు జవాబు: మీ చదువుకు ట్యాబ్ సరిపోతుంది, మీ పనికి సరిపోదు.

ఇట్లా అన్నానని ట్యాబ్‌ను తీసిపారేస్తున్నానని అనుకోకండి. మీ వదిన చెప్పినదాంట్లో తప్పేమీ లేదు. పాఠం వీడియోలు, పీడీఎఫ్‌లు, మార్కుల పట్టికలు, పెన్నుతో దిద్దే నోట్సు, ఇవన్నీ ల్యాప్‌టాప్ కంటే ట్యాబ్‌లోనే హాయిగా ఉంటాయి. మీకు కూడా అంతే. పాలిటీ పుస్తకం పీడీఎఫ్ తెరిచి పెన్నుతో గీతలు పెట్టుకుంటూ చదవడానికి దానికి మించింది లేదు. చార్జింగ్ ఎక్కువసేపు నిలుస్తుంది, కిక్కిరిసిన బస్సులో చేతిలో పట్టుకోవచ్చు. ఇంటర్, డిగ్రీ పిల్లలు చాలామందికి కీబోర్డు ఉన్న ట్యాబ్ చాలు. బీటెక్ కంప్యూటర్స్ పిల్లలకైతే చాలదు. మొదట్లో సీ ప్రోగ్రాములు ఆన్‌లైన్ కంపైలర్లతో నెట్టుకురావచ్చు, తర్వాత ఆండ్రాయిడ్ స్టూడియో లాంటివి రాగానే ఆగిపోతారు. అను ఫాంట్లు, పేజ్‌మేకర్ వాడే డీటీపీ వాళ్లకూ విండోస్ లేనిదే నడవదు. పని ఏ సాఫ్ట్‌వేర్‌లో ఉందో చూసుకుంటే సగం గందరగోళం అక్కడే తీరుతుంది.

ఇప్పుడు మీ ముందున్న దారులు చూద్దాం.

అన్న ఇచ్చే ట్యాబ్ తీసుకుని, దుకాణాల పని ఆఫీసులోనే కొనసాగించడం ఒకటి. ఇంట్లో మాటా మాటా రాదు, చదువు బాగుపడుతుంది. కానీ చివరి బస్సు బెడద అట్లాగే ఉంటుంది. మూడు పార్టీలు ఐదు కావాలంటే సాయంత్రాలు చాలవు. మీ సొంత డబ్బుతో ల్యాప్‌టాప్ తర్వాత కొనుక్కోవచ్చు, 9,000 జీతంలో దానికి చాలా నెలలు పడుతుంది. ఈలోపు ఆ పార్టీలు ఇంకొకరి దగ్గరికి పోవచ్చు.

అదే 36,000తో ల్యాప్‌టాప్ తీసుకోవడం రెండోది. టాలీకి ఖరీదైన మెషీన్ అక్కర్లేదు. 8 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ ఉన్న మామూలు ల్యాప్‌టాప్ మీ పనికి ధారాళంగా సరిపోతుంది. ఆ డబ్బులో రావచ్చు, లేదంటే కొద్దిగా కలపాల్సి రావచ్చు. 15.6 అంగుళాల వాటిలో చాలావరకు నంబర్ ప్యాడ్ ఉంటుంది, కొనేముందు వేళ్లు పెట్టి చూడండి. బరువు సంగతి అన్న బాగా పట్టించుకున్నాడు. కానీ మీరు దీన్ని రోజూ మోయాల్సిన పని లేదు. ఆఫీసులో ఆఫీసు సిస్టం ఉంది, ఇది ఇంట్లోనే ఉంటుంది. బస్సులో చదువుకు ఫోన్ చిన్నదే, దాంతో కళ్లు లాగుతాయి, అది ఒప్పుకోవాల్సిందే.

మూడోది నాకు మీ విషయంలో ఎక్కువ నచ్చింది. కంపెనీల్లో వాడి తీసేసిన ల్యాప్‌టాప్‌లను బాగుచేసి అమ్ముతారు. థింక్‌ప్యాడ్, ల్యాటిట్యూడ్, ఎలైట్‌బుక్ లాంటివి, గట్టి కీబోర్డులు ఉన్న, బండల్లాంటి మెషీన్లు. సికింద్రాబాద్‌లో పార్క్‌లేన్ దగ్గర చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఉంది, సీటీసీ అంటే అన్నకు తెలిసే ఉంటుంది. అట్లాంటిది ఒకటి తీసుకుంటే మిగిలిన డబ్బుకు కీబోర్డు లేని మామూలు ట్యాబ్ కూడా రావచ్చు. అప్పుడు వదిన మాటా నిలబడుతుంది, మీ పనీ నడుస్తుంది. ఇందులో రిస్కు కూడా చెప్పాలి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబరు 14తో సపోర్టు ఆపేసింది. విండోస్ 11 అధికారికంగా ఎక్కాలంటే ఇంటెల్ ప్రాసెసర్ కనీసం ఎనిమిదో జనరేషన్‌ది అయ్యుండాలి. ఆరు, ఏడు జనరేషన్లవి చౌకగా చూపిస్తారు, వాటి జోలికి పోవద్దు. ఏదో తిప్పలుపడి 11 ఎక్కించి ఇచ్చినా వద్దు. పార్టీల లెక్కలు పెట్టుకునే మెషీన్ అది. బ్యాటరీ రిపోర్టు అక్కడే తీయించి, కొత్తలో ఎంత పట్టేదో ఇప్పుడు ఎంత పడుతోందో పక్కపక్కన చూడండి. బిల్లు, రాతపూర్వక వారంటీ లేకుండా డబ్బు ఇవ్వొద్దు. చెడిపోతే హనుమకొండ నుంచి సికింద్రాబాద్ వెళ్లిరావాలి కాబట్టి, ఆ పని అన్న చేసిపెట్టగలడా అని ముందే అడగండి.

విండోస్‌తోనే వచ్చే ట్యాబ్‌లు కూడా ఉన్నాయి, సర్ఫేస్ ప్రో లాంటివి. వాటిలో టాలీ నడుస్తుంది. మంచివి మీ బడ్జెట్‌లో రావు, చౌకవి నత్తనడక నడుస్తాయి. ఫోన్లలో వాడే రకం ఏఆర్ఎం ప్రాసెసర్ ఉన్నదైతే డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ దగ్గర ఆగిపోయే ప్రమాదం ఉంది. వదిలేయండి.

ఏ ల్యాప్‌టాప్ కొన్నా, కొనగానే పని మొదలైపోదు. టాలీ లైసెన్సు కావాలి. లైసెన్సు లేకుండా ఎడ్యుకేషన్ మోడ్‌లో తెరిస్తే నెలలో కొన్ని తేదీలకే ఎంట్రీలు పడతాయని మీకు కాలేజీ రోజుల నుంచీ తెలుసు. నేర్చుకోవడానికి అది చాలు, దుకాణం లెక్కకు చాలదు. ఆఫీసులో ఉన్నది సిల్వర్ లైసెన్సు అయితే అది ఒక్క కంప్యూటర్‌కే. దాన్ని మీ ఇంటికి తెచ్చుకోలేరు. క్రాక్ చేసిన కాపీలు ఊరికే ఇస్తామనేవాళ్లు తగులుతారు. వేరేవాళ్ల లెక్కలు చేతిలో పెట్టుకున్నాక ఆ పని చేయకండి, డేటా పోతే మీ పేరే పోతుంది. నెలవారీ అద్దె లైసెన్సు తీసుకునే వీలుంది. లేదా ఆ మూడు దుకాణాల్లో ఎవరి దగ్గరైనా ముందే లైసెన్సు ఉందేమో అడగండి. ఈ ఖర్చు తెలిశాకే 1,500 సరిపోతుందో లేదో తేల్చుకోండి. నా ఉద్దేశంలో ఎరువుల దుకాణం వాళ్లను ఇంకొంచెం ఎక్కువ అడగొచ్చు. సీజన్‌లో వాళ్ల బిల్లులు కిరాణా వాళ్ల కంటే చాలా ఎక్కువ పడతాయి.

ఇక ఇంటి సంగతి.

అన్నతో మాటలు ట్యాబ్ దగ్గర మొదలుపెడితే అది ఆయన ఎంపిక మీద తీర్పులా వినిపిస్తుంది. దుకాణాల దగ్గర మొదలుపెట్టండి. "అన్నా, నాకు మూడు పార్టీలు దొరికినయి, సార్ నాకే ఇచ్చిండు" అని ముందు ఆ సంతోషం పంచుకోండి. ఇంతకాలం ఎందుకు చెప్పలేదో మీరు రాయలేదు. పని నిలుస్తుందో లేదో చూసి చెబుదామని ఆగి ఉండొచ్చు, పెళ్లి మాటలు నడుస్తున్నప్పుడు ఎందుకని ఊరుకుని ఉండొచ్చు. ఏదైనా, ఆయనకు ఈ మాట కొత్త. విన్నాక తనే అడుగుతాడు, "మరి ఇంట్లో ఎట్ల చేస్తవ్?" అని. అప్పుడు టాలీ విండోస్‌లోనే నడుస్తుందని చెబితే చాలు, మీరు వాదించాల్సిన అవసరం రాదు. నమ్మకం కుదరకపోతే వదిన ట్యాబ్‌లోనే టాలీ ఇన్‌స్టాల్ చేసి చూడమనండి. ఈ మాట కొనకముందే జరగాలి. ఆన్‌లైన్‌లో కొన్న ఎలక్ట్రానిక్స్‌లో చాలావాటిని పాడైతేనే మారుస్తారు, వద్దనుకుంటే డబ్బు వెనక్కి ఇవ్వరు.

వదినకు మీరే విడిగా ఫోన్ చేయండి, అన్న ద్వారా చెప్పించకండి. ఆమె చూసిన మోడల్ చదువుకు బాగుందని చెప్పండి, అది నిజం కూడా. మూడో దారి పట్టేటట్టయితే ట్యాబ్ మళ్లీ ఆమెనే ఎంచమనండి. అప్పటికీ కొంచెం ముభావంగా ఉంటే ఉండనివ్వండి. ఆమె టీచర్, పనికి తగ్గ వస్తువు ఎందుకు కావాలో ఆమెకు తెలియకుండా ఉండదు.

బాపుతో మాట్లాడటమే కష్టం. ఆయన అడిగిన ప్రశ్న ల్యాప్‌టాప్ గురించి కాదు. పెళ్లయ్యాక మీ పని ఏమవుతుందన్నది ఆయన మనసులో తేలలేదు, బహుశా ఆ పని ఉందనే ఆయనకు తెలియదు. ఆయన భాషలోనే చెప్పండి: బండి మీద మార్కెట్‌కు పోయి రావచ్చు గానీ, పత్తి బోరాలు ఏనుమాముల మార్కెట్ యార్డుకు తోలాలంటే ట్రాలీ కావాలి కదా అని. ఆ తర్వాత లెక్క చెప్పండి. మూడు దుకాణాలకు నెలకు 4,500. ఎనిమిది నెలలకు 36,000, అంటే వస్తువు ధర తిరిగొస్తుంది. లైసెన్సు అద్దె తీసేస్తే ఇంకొన్ని నెలలు పట్టొచ్చు. ఈ పని ఏ ఊరికి వెళ్లినా మీ వెంట వస్తుందని కూడా చెప్పండి, ఎందుకంటే జీఎస్టీ రిటర్ను కరీంనగర్ నుంచి వేసినా పరకాల నుంచి వేసినా ఒకటే.

సంబంధాలు చూడటం మొదలయ్యాక ఈ మాట ఎత్తితే అడ్డం చెప్పినట్టు అవుతుంది. ఇప్పుడే చెబితే సంబంధం చూసేటప్పుడే "మా బిడ్డ లెక్కల పని చేసుకుంటది" అని ఆయనే చెప్పుకునే వీలుంటుంది. ఒకటి రెండు సంబంధాలు అందుకే వెనక్కి పోవచ్చు, బాపుకు అది నచ్చకపోవచ్చు, కొన్నాళ్లు ఇంట్లో మాటలు తగ్గొచ్చు. ఆ బరువు మోయాలా వద్దా అన్నది మీ ఇష్టం. ఇప్పుడే వద్దనిపిస్తే కనీసం అన్నకైనా చెప్పండి. బాపు దగ్గర మీ తరఫున మాట్లాడగలిగే మనిషి ఆయనే అని మీ ఉత్తరం చదివితే అనిపిస్తోంది.

సార్‌తో ఒక్క విషయం మాత్రం ఈ వారంలోనే మాట్లాడండి. ఆ మూడు పార్టీల లాగిన్లు, రిజిస్టర్ అయిన మొబైల్ నంబర్లు ఎవరి పేరు మీద ఉన్నాయో అడిగి తెలుసుకోండి. రిటర్ను వేసే రోజు ఓటీపీ ఆ నంబరుకు వస్తుంది. అది ఇప్పటికీ ఆఫీసు నంబరే అయితే, ఇంట్లో ఏ కంప్యూటర్ ఉన్నా రాత్రి పదింటికి మీ పని ఆగిపోతుంది. దుకాణాదారు నంబరుకు మార్పించుకోండి.